ట్రైన్ థ్రాటిల్‌కి ఏ అడాప్టర్ పెట్టాలి?

కావలి_ట్రాక్:
అన్నలకు నమస్కారం. నాది హెచ్‌ఓ స్కేల్ (అసలుకి 87వ వంతు) మోడల్ రైలు, ఒకే లూప్, ఒక ఇంజను, లైట్లున్న ఐదు పెట్టెలు. థ్రాటిల్, అంటే బండి వేగం మార్చేది, ఎల్‌ఎం317 (వోల్టేజీని తగ్గించి అదుపులో ఉంచే ఐసీ) మీద కట్టిన డీసీ బోర్డు, అడాప్టర్ లేకుండా దొరికింది. వెనక ‘15 వోల్టుల డీసీ, సెంటర్ పాజిటివ్’ (ప్లగ్ లోపలి వైపు ప్లస్) అని ఉంది. ఇంట్లో మూడున్నాయి: సీసీ కెమెరాది 12 వోల్టులు 2 ఆంపియర్లు, లాప్‌టాప్‌ది 19 వోల్టులు 3.42 ఆంపియర్లు, బరువైన పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం 12 వోల్టులు 1 ఆంపియర్. ఏది పెట్టమంటారు?

ఒంగోలు_సోల్డర్:
ఇప్పటికిప్పుడు బండి నడవాలంటే సీసీ కెమెరా అడాప్టర్ పెట్టు తమ్ముడూ. ఎల్‌ఎం317 తన కోసం రెండు, రెండున్నర వోల్టులు మింగేస్తుంది. పట్టాల మీదికి తొమ్మిదిన్నర దాకా వస్తుంది. పూర్తి వేగం రాదు గానీ దేనికీ నష్టం లేదు.

లాప్‌టాప్‌ది నేరుగా పెట్టొద్దు. ముందు బోర్డు మీది కెపాసిటర్ చూడు. దాని మీద 16 వోల్టులని ఉంటే 19కి ఉబ్బి పగులుతుంది. 25 అని ఉన్నా వేడి బాధ తప్పదు. బండి 6 వోల్టుల మీద అర ఆంపియర్ లాగుతుంటే మిగిలిన 13 వోల్టులూ ఐసీలోనే కాలాలి, అంటే ఆరున్నర వాట్లు. 15 వోల్టులైతే నాలుగున్నరతో సరి. హీట్‌సింక్ (ఐసీ వేడిని లాగే లోహపు ముక్క) చిన్నదైతే ఐసీ తనను తాను కాపాడుకోవడానికి ఆపేస్తుంది, చల్లారాక మళ్లీ ఇస్తుంది. బండి ఉన్నట్టుండి నిలబడి కాసేపటికి దానంతటదే కదిలితే జబ్బు ఇదే. రోహిణి కార్తెలో మన వైపు ఇది ఇంకా తొందరగా వస్తుంది, అడాప్టర్నీ బోర్డునీ మూసిన పెట్టెలో పెట్టకండి.

లాప్‌టాప్‌దే వాడాలనుంటే మధ్యలో ఎల్‌ఎం2596 బక్ మాడ్యూల్ వేసి 15కి దించు. థ్రాటిల్ తగిలించక ముందే మల్టీమీటర్ పెట్టి స్క్రూ తిప్పి సరిచూసుకోవాలి.

కందుకూరు_లూప్‌లైన్:
పాత ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్‌ని తీసిపారేయకండి. వాటిలో చాలావాటికి వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ ఉండదు. 12 అని రాసినా లోడు లేకుండా కొలిస్తే 16, 17 చూపిస్తుంది, లోడు పడే కొద్దీ 12 వైపు దిగుతుంది. ఎల్‌ఎం317 లాంటి లీనియర్ థ్రాటిల్‌కి ఇది బాగానే పనికొస్తుంది, అయితే కెపాసిటర్ 25 వోల్టులది ఉండాలి. అవుట్‌పుట్ దగ్గర అల గుర్తుంటే అది ఏసీ. డీసీ బోర్డుకి తగిలిస్తే కెపాసిటర్ పోతుంది. గీత, దాని కింద చుక్కల గీత ఉంటేనే డీసీ.

ఆంపియర్ల లెక్క: ఇప్పటి ఇంజను మామూలుగా 0.3 నుంచి 0.5 లాగుతుంది. పెట్టెల్లో చిన్న బల్బులైతే ఒక్కోటి సుమారు 0.05, ఐదింటికి పావు ఆంపియర్. 1.5 ఆంపియర్ల అడాప్టర్ చాలు. ఎక్కువ ఆంపియర్లది పెట్టినంత మాత్రాన ఇంజనులోకి ఎక్కువ కరెంటు ఎక్కదు. ప్రమాదమల్లా బండి పట్టా తప్పి షార్ట్ అయినప్పుడే. అప్పుడు అడాప్టరూ థ్రాటిలూ ఇవ్వగలిగినంతా చక్రం దగ్గర పారుతుంది, చక్రాలకు గుంటలు పడతాయి, ప్లాస్టిక్ కరుగుతుంది. థ్రాటిల్ నుంచి పట్టాకి వెళ్లే ఒక తీగలో కారు ఇండికేటర్‌కి వేసే 12 వోల్టుల 21 వాట్ల బల్బు సిరీస్‌లో కట్టండి. మామూలుగా వెలగదు, షార్ట్ అయితే వెలిగి కరెంటుని 1.75 ఆంపియర్లు దాటనివ్వదు.

ఒంగోలు_సోల్డర్:
పిన్ను సంగతి మరిచిపోవద్దు. బయటి కొలత 5.5 మిల్లీమీటర్లే అయినా లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు రకాలు. 2.1 సాకెట్‌లో 2.5 ప్లగ్ దూరుతుంది గానీ వదులుగా ఉండి బండి కుదుపులతో నడుస్తుంది. తప్పు పట్టాలదనుకుని వాటిని తుడుస్తూ కూర్చుంటారు. మీటర్ ఎర్ర తీగ ప్లగ్ లోపల, నల్లది బయట పెడితే మైనస్ గుర్తు రాకూడదు. కొత్తది కొనేటప్పుడు ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని ఉందో లేదో చూడండి. అమెరికా నుంచి తెచ్చినదాని మీద 120 మాత్రమే ఉంటే మన 230కి కాలిపోతుంది.

కావలి_ట్రాక్:
చాలా సంతోషమన్నా. రెండో లూప్ వేస్తే రెండు థ్రాటిళ్లకీ ఒకే అడాప్టర్ పంచొచ్చా?

కందుకూరు_లూప్‌లైన్:
వద్దు. ఒక పట్టా రెండు లూపులకీ కామన్‌గా ఉంచి, ఒక థ్రాటిల్ ముందుకీ ఇంకోటి వెనక్కీ తిప్పితే అడాప్టర్ ప్లస్, మైనస్ ఆ కామన్ పట్టా మీదే కలిసి షార్ట్ అవుతాయి. రెంటికీ విడివిడి అడాప్టర్లు పెట్టండి, వాటి మైనస్‌లు ఎక్కడా కలపకండి.