మట్టి బొమ్మల వర్క్‌షాప్: రంగులు, తుది మెరుగుల పని ఎవరెవరిది?

సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. అసోసియేషన్ ఫ్యామిలీ డేలో మట్టి బొమ్మల వర్క్‌షాప్ ఖాయమైంది, హాల్ కూడా దొరికింది. బొమ్మలు చేయించడానికి మనుషులున్నారు. ఆ తర్వాత వాటికి రంగులు, మెరుగులు ఎప్పుడు, ఎలా అన్నది ఇంకా తేలలేదు. అదే పూటలో రంగులు కూడా వేయించి ఇళ్లకు పంపేద్దామని కమిటీలో కొందరంటున్నారు. అక్కా, నడిపేది మీరే కాబట్టి ముందు మీ మాట చెప్పండి.

వర్క్‌షాప్ నడిపే అక్క:
ఒకే పూటలో కుదరదు తమ్ముడూ. పచ్చి మట్టి మీద రంగు వేస్తే పైన పొర కడుతుంది, లోపలి తడి సరిగా బయటికి రాదు. మట్టి ఆరుతూ కుంచించుకుపోతుంది, రంగు దాంతో పాటు కుంచించుకోదు. చివరికి పెచ్చులు ఊడతాయి, లేదా బీటలొస్తాయి. పిల్లలకు ఇంటికెళ్లాక కనిపించేది అదే. అందుకే రెండు పూటలు పెట్టుకుందాం: ఒక శనివారం చేయడం, మరుసటి శనివారం రంగులు. గాలికి ఆరే మట్టి పలుచగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో గట్టిపడుతుంది కానీ, లావుగా ఉన్న తలలకూ మొండేలకూ వారం ఉంటేనే నాకు ధైర్యం.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి బొమ్మను చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

హాల్ బాధ్యుడు:
వారం పాటు బొమ్మలు ఉంచడానికి వెనక స్టోర్ రూమ్ ఇస్తామన్నారు. హీటర్ ఉంది, వేసేయనా? త్వరగా ఆరతాయి కదా.

వర్క్‌షాప్ నడిపే అక్క:
వద్దు అన్నా, హీటర్ జోలికే వెళ్లొద్దు. చెవులు, వేళ్లు, తోకల్లాంటి పలుచని భాగాలు ముందే ఆరిపోయి, లావు భాగం తడిగా మిగిలిపోతే అతుకుల దగ్గరే చీలుతుంది. మొదటి రాత్రి పైన ప్లాస్టిక్ కవర్ వదులుగా కప్పి ఉంచండి, మర్నాడు తీసేయండి. బొమ్మల కింద చెక్క పలక కాకుండా వైరు జాలీ ఉంటే అడుగుకు కూడా గాలి తగులుతుంది. మధ్యలో ఎవరైనా వెళ్లి ఒకసారి తిప్పి పెడితే మంచిది. ఆ పని మీదే అనుకుంటున్నాను!

హాల్ బాధ్యుడు:
నాదే లెండి.

పిల్లల టేబుల్ చూసే అమ్మాయి:
అక్కా, మొదటి రోజు రంగులు లేవంటే పిల్లలు ఊరుకుంటారా? పూసలు, మెరుపులు అతికించుకోనిస్తే సరిపోతుందా?

వర్క్‌షాప్ నడిపే అక్క:
పూసలు తడి మట్టిలో గుచ్చనివ్వొద్దు. మట్టి కుంచించుకుంటుంది, గాజు కుంచించుకోదు. దాని చుట్టూ సన్నటి బీటలు పడతాయి, లేదా పూస వదులై రాలిపోతుంది. పూసను ఒత్తి, గుంట పడ్డాక తీసేయమనండి. ఆరాక ఆ గుంటలో జిగురుతో అతికిస్తే నిలుస్తుంది.

మొదటి రోజు అలంకారం లేదని ఎవరన్నారు? నన్నడిగితే అసలు అందం ఆ రోజుదే. లేసు ముక్క, గరుకు గుడ్డ, ఎండుటాకు, దువ్వెన, టూత్‌బ్రష్ తెచ్చి పెట్టండి. మెత్తటి మట్టి మీద వీటిని ఒత్తితే వచ్చే అచ్చులు ఏ రంగుతోనూ రావు. మట్టి కాస్త బిగిసి, గోరు పెడితే గీత పడుతుంది కానీ వేలికి అంటదు అన్న దశకు వస్తే గీసి చెక్కడానికి అదే సమయం. పెద్దవాళ్ల టేబుల్ దగ్గర ఆ దశలోనే చెంచా వెనక భాగంతో రుద్ది మెరుగు పెట్టడం చూపిస్తాను. మట్టి కణాలు ఒత్తుకుని, వార్నిష్ లేకుండానే నిగనిగలాడుతుంది.

సరుకులు తెచ్చే అన్న:
పెద్దవాళ్లలో కొందరు బట్టీలో కాల్పిద్దామంటున్నారు. తెలిసిన స్టూడియో వాళ్లు ఒప్పుకున్నారు. వాళ్ల బొమ్మలకూ అవే యాక్రిలిక్ రంగులు కొనాలా?

వర్క్‌షాప్ నడిపే అక్క:
ఈ సంగతి మొదటి రోజే తేల్చుకోవాలన్నా, తర్వాత మార్చుకోవడానికి ఉండదు. కాల్చాలంటే కుండలు చేసే అసలు మట్టే కావాలి. ప్యాకెట్‌లో వచ్చే గాలికి ఆరే మట్టి బట్టీలోకి పనికిరాదు. యాక్రిలిక్ రంగు ప్లాస్టిక్ లాంటిది, బట్టీలో కాలి పొగైపోతుంది. కాబట్టి కాల్చేవి రంగు లేకుండా, పూర్తిగా ఆరాకే వెళ్తాయి. తడి మిగిలితే 100 డిగ్రీలు దాటగానే ఆవిరై లోపలి నుంచి బొమ్మను పగలగొడుతుంది, పక్కవాళ్ల బొమ్మలు కూడా పోతాయి. లావు బొమ్మలను లోపల గుల్ల చేసి, అడుగున చిన్న రంధ్రం పెట్టండి. గోడ మందం సుమారు ఒక సెంటీమీటరు చాలు. మొదటి కాల్పు దాదాపు 1000 డిగ్రీల వరకు వెళ్తుంది. ఆ తర్వాత గ్లేజు (గాజులా మెరిసే పూత) వేస్తామంటే మళ్లీ కాల్చాలి. మనకు అంత సమయం లేదు, ఒక్క కాల్పుతో సరిపెట్టుకుని పైన యాక్రిలిక్ వేసుకోమందాం. అలా వేసినవి చూసుకోవడానికే. గిన్నె ఆకారంలో ఉన్నా తినడానికీ తాగడానికీ వాడొద్దని గట్టిగా చెప్పాలి.

రెండు రకాల మట్టి రెండు వేర్వేరు టేబుళ్ల మీదే ఉండాలి. కలిసిపోయాయంటే నాకు టెన్షన్.

సరుకులు తెచ్చే అన్న:
అర్థమైంది. రెండో శనివారానికి ఏమేం కావాలో ఒకసారి చెప్పేయండి.

వర్క్‌షాప్ నడిపే అక్క:
తెల్ల ప్రైమర్ పెద్ద డబ్బా ఒకటి. మట్టి రంగును పీల్చేసుకుంటుంది, అందుకే ముందు ప్రైమర్ పూత వేయాలి. యాక్రిలిక్‌లో మూల రంగులు, తెలుపు, నలుపు, ముదురు గోధుమ, కొంచెం బంగారు రంగు చాలు. ముప్పై షేడ్లు తేవద్దు, పిల్లలు అన్నీ కలిపి బురద రంగు చేస్తారు. వెడల్పు కుంచెలు ఎక్కువ, కళ్లకు సన్నవి కొన్ని. పాత గుడ్డలు మాత్రం ఎన్ని దొరికితే అన్ని.

గుడ్డలు ఎందుకంటే: ముదురు గోధుమ రంగును నీళ్లలో పలుచగా కలిపి, ఆరిన రంగు మీద బొమ్మంతా పూసి, వెంటనే తుడిచేస్తే గీతల్లో, గుంటల్లో మాత్రం మిగులుతుంది. మొదటి రోజు ఒత్తిన లేసు అచ్చు అప్పుడు కనబడుతుంది. తర్వాత కుంచెను దాదాపు పొడిగా తుడిచి, బంగారు రంగు ఎత్తు భాగాల మీద అలా తాకించాలి. ఇది పదేళ్ల పిల్లలు కూడా చేయగలరు.

వార్నిష్ నీటితో కలిపేదే తీసుకోండి, మెరుపు లేనిది. నిగనిగలాడే వార్నిష్ బొమ్మ మొత్తానికి పూస్తే ప్లాస్టిక్ బొమ్మలా అయిపోతుందని నా అభిప్రాయం. కళ్లకు మాత్రం ఒక చుక్క మెరుపు వార్నిష్ పెడితే జీవం వస్తుంది. స్ప్రే డబ్బాలు హాల్ లోపల వద్దు.

హాల్ బాధ్యుడు:
ఉప్పు కాగితంతో రుద్దడం ఉంటుందా? దుమ్ము పడితే హాల్ వాళ్లు ఒప్పుకోరు.

వర్క్‌షాప్ నడిపే అక్క:
పొడిగా రుద్దడం అసలు లేదు. మట్టి దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. గరుకును తడి స్పాంజితో నిమురుతాం. శుభ్రం చేసేటప్పుడు కూడా చీపురు కాదు, తడి గుడ్డే. చేతులూ పనిముట్లూ బకెట్లో కడగాలి, సింకులో మట్టి నీళ్లు పోస్తే పైపు మూసుకుపోతుంది. బకెట్లో మట్టి అడుగుకు దిగాక పైన నీళ్లు పారబోసి, మిగతాది చెత్తలో వేయాలి.

పిల్లల టేబుల్ చూసే అమ్మాయి:
రెండో శనివారం రాలేని వాళ్ల సంగతి? ఓవెన్‌లో గట్టిపడే పాలిమర్ క్లే ఇస్తే అదే రోజు అయిపోతుంది కదా.

వర్క్‌షాప్ నడిపే అక్క:
అవుతుంది, దాదాపు 130 డిగ్రీలు చాలు. కానీ వేడి ఎక్కువైతే ఘాటు పొగ వస్తుంది, పైగా హాల్ ఓవెన్‌లో ఆ రోజు వంటలు వేడి చేస్తారు. వద్దులే. రాలేని వాళ్లు పచ్చి బొమ్మే తీసుకెళ్తారు, వెంట ఒక చీటీ ఇద్దాం: "ఎండలో, హీటర్ దగ్గర పెట్టొద్దు. రోజుకోసారి తిప్పండి. చెంపకు చల్లగా తగులుతున్నంత వరకు రంగు వేయొద్దు."

పిల్లల టేబుల్ చూసే అమ్మాయి:
చీటీలు నేను రాసి ప్రింట్ తీస్తాను. బొమ్మల అడుగున పేర్లు కూడా తడి మీదే గీయిస్తాను.

సమన్వయకర్త:
అయితే రెండు శనివారాలు ఖాయం. కమిటీకి నేను చెప్తాను. పెద్దవాళ్ల టేబుల్ దగ్గర అక్కకు సాయంగా ఇంకో ఇద్దరు కావాలి, వచ్చేవాళ్లు ఇక్కడే పేరు రాయండి.