నిలువుదోపిడి: మొక్కుకూ కేసుకూ ఒకే మాటా?

ప్రశ్న (తిరుపతి, తెలుగు ఉపాధ్యాయిని)

అందరికీ నమస్కారం. ఇది మా తొమ్మిదో తరగతి పిల్లలు అడిగిన ప్రశ్న. కొండమీద ఒంటిమీది నగలన్నీ తీసి హుండీలో వేస్తే ‘నిలువుదోపిడి ఇచ్చినారు’ అంటాం. ఆటోకు మూడింతలు అడిగినా ‘నిలువుదోపిడి’ అనే అంటాం. పేపర్లోనేమో ‘తాళం వేసిన ఇంట్లో భారీ దోపిడీ’ అని వస్తుంది. దేవుడి మొక్కుకు దొంగల మాట ఎందుకొచ్చింది? చట్టం వీటిలో దేన్ని దోపిడీ అంటుంది? కోర్టు పని తెలిసినవాళ్లు చెబితే పిల్లలకు చెప్పుకుంటాను.

జవాబు (చిత్తూరు, న్యాయవాది)

మేడమ్, పిల్లలు సరైన చోటే పట్టుకున్నారు. ‘నిలువు’ అంటే మనిషి నిలబడినంత మేర. నిలువెత్తు, నిలువుటద్దం అన్నప్పటి నిలువే ఇది. దారికాచి మనిషిని ఆపి, తల మొదలు కాలిదాకా ఉన్నదంతా ఒలుచుకుంటే నిలువుదోపిడి. మొక్కులో ఆ ఒలుచుకునే పని భక్తుడే చేస్తాడు. ముక్కుపుడక, కమ్మలు, గొలుసు, గాజులు, ఇది ఉంచుకుందాం అది ఇద్దాం అనే లెక్క ఉండదు. దొంగలు పడినా ఇంతకంటే ఎక్కువ పోదు అన్నంత పూర్తిగా ఇవ్వడాన్ని చెప్పడానికి మనవాళ్లు ఆ మాటే తెచ్చుకున్నారని నా నమ్మకం. ఇంతకన్నా బలమైన మాట దొరికేది కాదు కూడా.

రెండు చోట్లా చివరికి ఒంటిమీద ఏమీ మిగలదు. తేడా అంతా సమ్మతిలో ఉంది. చట్టం కూడా మొదట చూసేది దాన్నే.

ముందు దొంగతనం సంగతి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. అందులో దొంగతనం 303వ సెక్షన్, పాత శిక్షాస్మృతిలో అది 378. నిర్వచనం మాత్రం దాదాపు అదే. వస్తువు చరాస్తి కావాలి, ఇంకొకరి స్వాధీనంలో ఉండాలి, వాళ్ల సమ్మతి లేకుండా తీసుకోవాలి, ఆ తీసుకోవడం కోసం దాన్ని కదిలించాలి, ఇదంతా కపటబుద్ధితో జరగాలి. కపటం అంటే ఒకరికి అన్యాయంగా లాభమో ఇంకొకరికి అన్యాయంగా నష్టమో కలిగించాలన్న ఉద్దేశం. ఈ అయిదింట్లో ఒక్కటి తప్పినా అది దొంగతనం కాదు.

గమనించండి, చట్టం ‘ఎవరి సొంతం’ అని అడగదు, ‘ఎవరి స్వాధీనంలో ఉంది’ అని అడుగుతుంది. వాచీ బాగుచేసినవాడు కూలి వచ్చేదాకా దాన్ని హామీగా తన దగ్గర పెట్టుకోవచ్చు. డబ్బు ఎగ్గొట్టాలని ఆ వాచీని చెప్పకుండా తీసుకుపోతే, సొంతదారుడే అయినా అతడు దొంగే. ఇది చట్టంలోనే రాసిన ఉదాహరణ. అదే, రోడ్డుమీద ఎవరి స్వాధీనంలోనూ లేని ఉంగరం దొరికి దాచుకుంటే దొంగతనం కింద రాదు, 314 కింద ఆస్తి దుర్వినియోగం కావచ్చు.

‘కదిలించడం’ అర్థం కావాలంటే మన శేషాచలం చాలు. నేలలో పాతుకుని ఉన్న ఎర్రచందనం చెట్టు చరాస్తి కాదు. నేలనుంచి వేరుచేస్తే అవుతుంది. తీసుకుపోయే ఉద్దేశంతో నరికి పడేస్తే ఆ క్షణానికే దొంగతనం పూర్తయినట్టు. దుంగ కొండ దిగిందా, లారీ ఎక్కిందా అన్నది తర్వాతి మాట. (ఎర్రచందనం కేసుల్లో 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కూడా పడుతుంది. దాని కథ వేరే.)

ఇక దోపిడీ, 309. దొంగతనానికి దెబ్బో, నిర్బంధమో, అప్పటికప్పుడు ప్రాణం పోతుందనో దెబ్బ తగులుతుందనో భయమో తోడైతే దోపిడీ. చట్టం ఇచ్చిన మొదటి ఉదాహరణ చూడండి: ఒకడు ఇంకొకణ్ణి కదలకుండా అదిమిపట్టి, బట్టల్లోంచి డబ్బూ నగలూ తీసుకుంటాడు. మన పెద్దలు నిలువుదోపిడి అన్నది దీన్నే! శిక్ష పదేళ్ల దాకా, పొద్దుగూకాక తెల్లవారేలోపు హైవేమీద అయితే పద్నాలుగేళ్ల దాకా. అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి చేస్తే 310, అది బందిపోటు.

కాబట్టి మనుషులు లేని ఇంట్లో తాళం పగలగొట్టి బీరువా ఊడ్చుకుపోతే దోపిడీ కాదు, ఎంత భారీ అయినా సరే. ఇంట్లో దొంగతనానికి 305 ఉంది, ఏడేళ్ల దాకా శిక్ష. ‘భారీ చోరీ’ అని రాస్తే సరిపోయేది. ఆటో సంగతి వాడుకలోని కోపం, దాన్ని అలాగే ఉండనిద్దాం.

జవాబు (పలమనేరు)

అన్నా, మా పక్క ఈ పేర్లేవీ ఎవరూ అనరు. ‘గొలుసు పోయింది సార్’ అంటారు. కొంచెం చెప్పగలిగినోళ్లు ‘ఎత్తుకపొయినారు’ అంటారు, ‘పెరుక్కపొయినారు’ అంటారు. స్టేషన్‌లో ‘పోయింది’ అనే రాసుకుంటే?

ఇంకొకటి. మా ఇళ్లల్లో పసుపుగుడ్డలో ముడుపు కట్టి, కొండకు పోయేవాళ్ల చేతికిస్తాం. వాళ్లు వేయకుండా వాడుకుంటే అది దొంగతనం కదా?

జవాబు (చిత్తూరు, న్యాయవాది)

తమ్ముడూ, నువ్వు చెప్పిన క్రియలే అసలైనవి. ‘పోయింది’ అంటే పారేసుకున్నట్టూ ఉండొచ్చు, నేరమే కనపడదు. ‘ఎత్తుకపొయినారు’ అంటే 303. ‘పెరుక్కపొయినారు’ అంటే 304, మనిషి దగ్గర్నుంచి హఠాత్తుగానో బలవంతంగానో లాక్కోవడం. పాత చట్టంలో దీనికి విడిగా సెక్షన్ లేదు, సంహితలో కొత్తగా పెట్టారు. ‘కత్తి చూపించి పెరుక్కున్నారు’ అంటే ఏకంగా దోపిడీ. ఫిర్యాదులో సెక్షన్ నంబరు నువ్వు రాయనక్కర్లేదు. ఎవరు ఏం చేశారో, ఏ చేత్తో పట్టుకున్నారో, ఏమని బెదిరించారో నీ మాటల్లోనే చెప్పు, రాసింది చదివించుకుని విను, ఆ తర్వాతే సంతకం పెట్టు. ఆ ఒక్క క్రియ తప్పు పడితే ముందుముందు కోర్టులో నిన్ను నిలదీసేది దాని మీదే. చదువురాని ముసలమ్మలకు ఈ సంగతి ఎవరైనా ముందే చెప్పిపెట్టాలి, నాకు అన్నిటికంటే దిగులు అదే.

ముడుపు దొంగతనం కాదు. నీ చేతుల్తో నువ్వే ఇచ్చావు, సమ్మతి ఉంది. నమ్మి అప్పగించినదాన్ని కపటంతో వాడుకున్నారు గనక 316, నేరపూరిత నమ్మకద్రోహం. అదే, ముక్కూమొహం తెలియనివాడు ‘మీ నిలువుదోపిడి నేను స్వామికి చేరుస్తా’ అని మొదట్నుంచీ మోసబుద్ధితోనే నగలు ఇప్పించుకుని మాయమైతే 318, మోసం.

ఉపాధ్యాయిని

చాలా సంతోషం సార్. పెరుక్కోవడం, ఎత్తుకుపోవడం, ముంచడం, బోర్డుమీద ఈ క్రియలు రాసి ఒక్కోదానికి సంఘటన చెప్పమంటాను. హుండీలో వేసినాక మనసు మారి తిరిగి తీసుకోబోతే ఏమవుతుందని ఒక పిల్లాడు అడుగుతున్నాడు.

న్యాయవాది

హుండీలో పడినాక అది స్వామి సొత్తు. దేవుడికి ఆస్తి ఉండొచ్చని మన న్యాయస్థానాలు ఏనాడో ఒప్పుకున్నాయి. వాచీ ఉదాహరణ గుర్తు చేయండి, జవాబు వాడే చెబుతాడు.