‘నిరోధం’, ‘శరణార్థి’: ఒక్కో మాట నెత్తిన రెండేసి బరువులు

ప్రశ్న (విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి): పెద్దలకు నమస్కారం. ఫిన్లాండ్ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. రష్యాతో 1,340 కిలోమీటర్ల సరిహద్దు, 2023 ఏప్రిల్ 4న పాశ్చాత్య దేశాల సైనిక కూటమి నాటోలో చేరిక, ఆ ఏడాది చివర్లో రష్యా కావాలనే జనాన్ని సరిహద్దుకు తోలుతోందంటూ సరిహద్దు మూసివేత, ఇదీ విషయం. రెండు చోట్ల కలం ఆగింది. ‘డిటరెన్స్’కి, అంటే మన బలం చూసి ఎదుటివాడు దాడికి వెనకాడేలా చేయడానికి, పత్రికలు రాసే ‘నిరోధం’ సరిపోతుందా? సరిహద్దుకు వచ్చినవాళ్లు శరణార్థులా, వలసదారులా, కాందిశీకులా?

మర్రిపాలెం నుంచి: సరిపోదు మాస్టారూ. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో నిరోధం అంటే ఆయుధం మరో దేశం చేతికి పోకుండా కట్టడి చేయడం. డిటరెన్స్‌లో మనం అడ్డుకునేదేమీ లేదు, ఎదుటివాడే జంకి ఆగుతాడు. ‘పాకిస్తాన్ అణు నిరోధం’ అని రాసి చూడండి. పాకిస్తాన్‌ని ఆపడమా, పాకిస్తాన్ చేతిలో ఉన్న బెదురా? క్రియ చేసేస్తే చిక్కు వదులుతుంది: ‘దాడికి జంకేలా చేయడం’. నామవాచకమే కావాలంటే ‘జంకుబలం’ అంటాను, నవ్వేవాళ్లు నవ్వండి.

ఇంతకంటే పెద్ద ప్రమాదం మన దేశపు ‘నో ఫస్ట్ యూజ్’ అణు విధానంతో. ‘భారత్ అణ్వస్త్రాలను మొదట వాడదు’ అంటే, మొదట్లో వాడదు, తర్వాత చూద్దాం అన్నట్టూ చదువుకోవచ్చు. ‘తనంతట తాను ముందుగా వాడదు’ అంటే తప్పు పట్టడానికి ఉండదు. ‘అణుదాడి జరిగితేనే వాడుతుంది’ అని మాత్రం రాయకండి. 2003 జనవరి 4 నాటి భారత ప్రభుత్వ ప్రకటనలో జీవ, రసాయన ఆయుధాలతో పెద్ద దాడి జరిగినా అణ్వస్త్రంతో బదులిచ్చే వీలు అట్టేపెట్టుకున్నారు. ఆ ‘తేనే’ విధానాన్నే మార్చేస్తుంది.

గాజువాక నుంచి: ఇదే వరసలో ‘అణు జలాంతర్గామి’ కూడా. 2012లో రష్యా నుంచి అద్దెకు తెచ్చుకున్న చక్ర అణుశక్తితో నడిచేదే, అందులో అణ్వస్త్రాలు లేవు. 2009 జులై 26న మన విశాఖలోనే నీళ్లలోకి దించిన అరిహంత్ అణుశక్తితో నడుస్తుంది, అణ్వస్త్రాలూ మోస్తుంది. జంకుబలం లెక్కలోకి వచ్చేది ఈ రెండోదే. బీచ్‌రోడ్డులో మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి రెండూ కాదు, డీజిల్, బ్యాటరీలది.

కంచరపాలెం నుంచి: రెండో ప్రశ్నకు వస్తాను. కాందిశీకుడు అంటే ‘కాం దిశం’, ఏ దిక్కుకు పోను అంటూ పరుగెత్తేవాడు. పాత సంస్కృత నిఘంటువు అమరకోశం ‘కాందిశీకో భయద్రుతః’ అంటుంది. ఇందులో ఉన్నది భయం, పరుగు, అంతే. చట్టం ఇచ్చిన హోదా ఏదీ లేదు. 1964లో అక్కడి ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసిన దెబ్బకు బర్మా నుంచి తిరిగొచ్చిన మనవాళ్లను బర్మా కాందిశీకులు అన్నాం, ప్రభుత్వ కాగితాల్లో మాత్రం వాళ్లు రీపాట్రియేట్లు, అంటే స్వదేశానికి మళ్లినవాళ్లు.

శరణార్థిలో ‘అర్థి’ ఉంది కాబట్టి, మాటను బట్టి ఇంకా అడుగుతున్నవాడే. వాడుకలో మాత్రం రెఫ్యూజీకి స్థిరపడిపోయింది. దాన్ని కదపకుండా, ఆశ్రయం కోసం పెట్టుకున్న దరఖాస్తు ఇంకా తేలనివాళ్లను ‘ఆశ్రయార్థులు’ అంటే సరి. శరణార్థి ఎవరో నిర్వచించే 1951 అంతర్జాతీయ ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు, ఇక్కడి వార్తల్లో ఈ తేడా చెదిరిపోవడానికి అదీ ఒక కారణం.

‘వలస’ వెడల్పాటి మాట. ఒకప్పుడు శత్రుసేనకు భయపడి ఊరొదిలి పోవడం. ఉత్తరాంధ్రలో ఆమదాలవలస లాంటి పేర్లలో అదే ఊరై కూర్చుంది. వలసపాలనలో ఏలడానికి వచ్చినవాడి పక్షానా నిలబడింది! ‘చొరబాటుదారు’ జోలికి పోకండి. తుపాకీతో నియంత్రణ రేఖ దాటినవాడికీ, పిల్లను చంకనేసుకుని వచ్చినామెకీ అదొకటే ముద్ర.

ఎంవీపీ కాలనీ నుంచి: ఇలా మార్చాను: ‘సొంత అణ్వస్త్రాలు లేని ఫిన్లాండ్, రష్యా తన మీదికి రావడానికి జంకేలా నాటో అణు గొడుగు (కూటమి దేశాల అణ్వస్త్రాల అండ) కిందికి చేరింది. తూర్పు సరిహద్దుకు వచ్చే ఆశ్రయార్థులను తిప్పి పంపడానికి వీలుగా 2024 జులైలో చట్టం చేసింది.’

కంచరపాలెం నుంచి: ‘తిప్పి పంపడం’ వద్దు బాబూ. దరఖాస్తు తీసుకుని, విచారించి, కాదని పంపేదాన్నీ అలాగే అంటాం. ఇక్కడ, కొన్ని మినహాయింపులు తప్ప, దరఖాస్తే తీసుకోరు. ‘దరఖాస్తు తీసుకోకుండా గట్టు దగ్గరే వెనక్కి మళ్లించడం’ అనండి. చట్టం ముందు ‘తాత్కాలిక’ కూడా చేర్చండి.