“ఆటలో అరటిపండు”: టెక్స్ట్ గేమ్‌లోకి కొత్తగా వచ్చినవారికి ఈ మాట తగునా?

సభ్యులకు నమస్కారం.

మద్దిలపాలెంలో గది తీసుకుని ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు ఏడాదిగా ఒక టెక్స్ట్ గేమ్ ఆడుతున్నాడు. తన జూనియర్ల కోసం ఆ ఆటను పరిచయం చేస్తూ తెలుగులో నాలుగు పేజీలు రాయబోయి, “న్యూబీ ప్రొటెక్షన్”, అంటే ఆటలోకి కొత్తగా వచ్చినవారికి ఇచ్చే రక్షణ, అన్న చోట ఆగిపోయి నన్ను అడిగాడు. “దానికి మన మాట ఉందిరా, ఆటలో అరటిపండు” అన్నాను. “మామయ్యా, అలా అంటే తిట్టినట్టు కాదా?” అన్నాడు. వారం రోజులుగా ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు కనుక మీ ముందు పెడుతున్నాను.

మాట అతుకుతుందో లేదో తేలాలంటే ముందు ఆ ఆట తీరు తెలియాలి. అందులో బొమ్మ ఒక్కటీ ఉండదు. “మీరు రాతి వంతెన మీద నిలబడి ఉన్నారు. ఉత్తరాన కోట గుమ్మం, తూర్పున రేవు కనిపిస్తున్నాయి” అన్నట్టుగా రెండు మూడు వాక్యాలు తెర మీదికి వస్తాయి. లుక్ అని టైపు చేస్తే చుట్టూ ఉన్నవీ, నార్త్ అంటే తరువాతి చోటూ, ఇన్వెంటరీ అంటే మన సంచిలోని వస్తువులూ అక్షరాలుగానే కనిపిస్తాయి. అదే క్షణంలో అదే వంతెన మీద మరొక దేశపు ఆటగాడు కూడా ఉండవచ్చు, సే అని రాసి అతణ్ణి పలకరించవచ్చు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టగా రిచర్డ్ బార్టిల్ పెంచి పెద్దచేసిన మడ్ అనే ఆట ఈ తరహా ఆటలకు ఆద్యం. స్క్రీన్ రీడర్ సాయంతో వింటూ ఆడవచ్చు కనుక చూపులేనివారు కూడా వీటిని ఇష్టంగా ఆడుతున్నారు. మాటే సర్వస్వమైన ఇటువంటి చోట, కొత్తగా అడుగుపెట్టినవారు మొట్టమొదట చదివే మాట, లేదా వినే మాట, నొప్పించేదిగా ఉండకూడదన్న మా మేనల్లుడి పట్టింపు నాకు న్యాయంగానే తోచింది.

ఇక ఆ రక్షణ సంగతి. ఇటువంటి ఆటల్లో చాలావాటిలో మొదటి కొన్ని రోజులపాటు, లేదా మొదటి కొన్ని మెట్లు ఎక్కేవరకు, పాత ఆటగాళ్లు కొత్తవారి మీద దాడి చేయలేరు. ఏ మృగం చేతనో చనిపోయినా పెద్దగా నష్టం ఉండదు. సందేహాలు అడగడానికి వేరే చానల్ ఉంటుంది, అక్కడ పాతవారు ఓపికగా జవాబిస్తారు. గడువు దాటగానే ఈ రక్షణ తనంతట తానే తొలగిపోతుంది, కొన్ని ఆటల్లోనైతే ఇంక అక్కరలేదని ముందే వదులుకోవచ్చు కూడా.

ఇప్పుడు మన వీధి ఆటలను గుర్తుచేసుకోండి. దాగుడుమూతలకు గాని, నేల-బండకు గాని, పంటలు వేసుకుని దొంగను తేల్చే వేళకు ఎవరో ఒకరి తమ్ముడో చెల్లెలో తానూ ఆడతానని ఏడుస్తూ వచ్చేది. పెద్దపిల్లలు వెళ్లగొట్టేవారు కారు. “సరే రా, నువ్వు ఆటలో అరటిపండు” అనేవారు. ఆ పిల్ల అందరితో పాటు పరుగెత్తుతుంది, దాక్కుంటుంది, పట్టుబడుతుంది. కాని పట్టుబడినా దొంగ కాదు. అలా తిరుగుతూ తిరుగుతూ, ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండానే, ఆట నియమాలన్నీ కాళ్లకు అలవాటు చేసుకుంటుంది. ఒకనాడు తానే “నేను అరటిపండును కాను, నాకూ పంట వేయండి” అని పట్టుబడుతుంది. సీతమ్మధారలో మా వీధిలో మా చెల్లెలు అలా అన్న సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆ రోజే మొదటిసారి దొంగ అయి, కళ్లు మూసుకుని అంకెలు లెక్కపెడుతూ, అంత గర్వంగా నిలబడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆటలోకి ప్రవేశం, ఓటమి నుంచి మినహాయింపు, ఆ మినహాయింపుకు ఒక గడువు. ఈ మూడూ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. పత్రికల్లో, రాజకీయ వ్యాఖ్యల్లో మాత్రం, పదవి ఉండి విలువ లేనివారిని ఎత్తిపొడవడానికే ఈ నుడికారం వాడుతున్నారు. మినహాయింపును మాత్రమే పట్టుకుని ప్రవేశాన్నీ గడువునూ జారవిడిచినందువల్లనే అది తిట్టుగా మారిందని నా అభిప్రాయం. దీనిని మళ్లీ దాని సొంత చోటికి, అంటే ఆటలోకే, తీసుకురావచ్చునా?

సభ్యురాలు, ఉక్కునగరం:

మాస్టారూ, మీ ప్రశ్న చదవగానే మా క్వార్టర్స్ గుర్తుకు వచ్చాయి. మా వరుసలో అన్ని రాష్ట్రాల కుటుంబాలూ ఉండేవి. కన్నడ పిల్లలు ఇదే సందర్భంలో “ఆటక్కుంటు, లెక్కక్కిల్ల” అనేవారు, ఆటకు ఉన్నాడు, లెక్కకు లేడు అని దాని అర్థం. మరాఠీవారిది “కచ్చా లింబు”, అంటే పచ్చి నిమ్మకాయ. తమిళులు “ఒప్పుక్కు చప్పాణి” అనేవారు, అంటే ఏదో పేరుకు చేర్చుకున్న కుంటివాడు. వీటి పక్కన పెట్టి చూస్తే మన మాట ఎంత మెత్తనిదో తెలుస్తుంది. తమిళంలోది లోపాన్ని ఎత్తిచూపుతుంది, మరాఠీలోది ఇంకా పండలేదంటుంది, మనది పండుతోనే పోలుస్తుంది. అయినా నాదొక అభ్యంతరం ఉంది. పసిపిల్లకు ముద్దుగా ఉండే మాట, ఇరవై ఏళ్ల యువకుణ్ణి “నువ్వు అరటిపండువి” అన్నప్పుడు ముద్దుగా ఉండదు. “కొత్త ఆటగాడు” అంటే సరిపోదా?

చర్చ ప్రారంభించినవారు:

అమ్మా, తమిళ, మరాఠీ మాటలు చెప్పి ఎంతో మేలు చేశారు. “కొత్త ఆటగాడు” అన్నది తప్పు కాదు గాని, ఆడపిల్లలు ఆడేటప్పుడు “ఆటగత్తె” అని వేరే రాయవలసి వస్తుంది. అంతేగాక అది మనిషిని చెబుతుంది గాని, ఆ మనిషికి ఉన్న రక్షణను చెప్పదు. “అనుభవం లేనివారు” అంటే లోపాన్ని నుదుట రాసినట్టు అవుతుంది. ఆ మొదటి మడ్ ఆటలోనే అడుగు మెట్టును నోవిస్ అనీ, చివరి మెట్టును విజర్డ్ అనీ పిలిచేవారు. నోవిస్ అనే మాట క్రైస్తవ మఠాలలో ఇంకా పూర్తి దీక్ష తీసుకోని కొత్తవారికి వాడేది. అంటే వారు కూడా లోపాన్ని గాక, ఒకనాటికి ముగిసే దశనే పేరుగా పెట్టుకున్నారన్నమాట. అరటిపండు కూడా అటువంటి దశే. పైగా అది నపుంసకలింగం కనుక ఆడ, మగ తేడా అడ్డురాదు.

సభ్యుడు, భీమునిపట్నం:

మీరిద్దరూ చెప్పినది ఒకచోట కలుస్తుందని నాకు అనిపిస్తోంది. మనిషిని “కొత్తవారు” అనండి, ఆ గడువును “అరటిపండు దశ” అనండి. “మీరు అరటిపండు” అంటే కోపం వస్తుంది గాని, “మీరు ఇంకా అరటిపండు దశలో ఉన్నారు, మిమ్మల్ని ఎవరూ కొట్టలేరు” అంటే ధైర్యం వస్తుంది. మరొక్క సంగతి. పంటలు వేసేటప్పుడు దొంగ కాకుండా తప్పించుకున్నవారిని “పండారు” అంటాం. పంట వేయకుండానే పండినవారు అరటిపండు. వ్యుత్పత్తి అదేనని నేను వాదించను గాని, రెండు మాటలూ ఒకే ఆటలో పక్కపక్కన వినబడటం వల్లనే అర్థం అంత తేలికగా మనసుకు ఎక్కుతుందని నమ్ముతున్నాను.

చర్చ ప్రారంభించినవారు:

“అరటిపండు దశ” అన్న కూర్పు నాకు పూర్తిగా నచ్చింది. మా మేనల్లుడికి ఫోనులో చదివి వినిపించాను, ఒప్పుకున్నాడు. ఇద్దరం కలిసి ఆ పేజీలోని మొదటి పేరా ఇలా రాశాం, దిద్దవలసినవి ఉంటే దయచేసి చెప్పండి:

“కొత్తవారికి స్వాగతం. మీరు ఇప్పుడు అరటిపండు దశలో ఉన్నారు. అయిదో మెట్టు చేరేవరకు ఇతర ఆటగాళ్లు మీపై దాడి చేయలేరు. ఈ లోగా తొందరపడకుండా ప్రతి చోటి వర్ణననూ చివరిదాకా చదవండి, ఏ దారి ఎటు పోతుందో కాగితం మీద గీసుకోండి, తెలియనిది చానల్‌లో అడగండి. సిద్ధమయ్యామని మీకే అనిపించిన రోజున, నాకూ పంట వేయండి అని రాయండి, రక్షణ తొలగిపోతుంది. ప్రస్తుతం మీరు రాతి వంతెన మీద నిలబడి ఉన్నారు. ముందుగా లుక్ అని టైపు చేయండి.”