నారి ముంజేతికి కొడుతోంది: తప్పు చేతిదా, విల్లుదా?

గుంటూరు_నాన్న
మా అమ్మాయికి 15 ఏళ్లు. రికర్వ్ (కొసలు ముందుకు వంగిన విల్లు) మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. 60 మీటర్లకి బాణం చేరాలని నెల కిందట లింబ్స్ (విల్లుకి పైనా కిందా వంగే బద్దలు) 24 పౌన్ల లాగుడు బరువు నుంచి 34కి మార్చాం. అప్పటి నుంచి విల్లు పట్టిన చేతికి నారి కొడుతోంది. మోచేతికి నాలుగు వేళ్ల కింద, లోపలివైపు ఊదారంగులో కమిలిపోయింది. ఆర్మ్ గార్డ్ వేసుకున్నా దాని పైఅంచు దాటి తగులుతోంది. కోచ్ గారేమో పొడవాటి గార్డ్ కొనండి, చేయి అలవాటు పడుతుంది అన్నారు. షాపులో అడిగితే విల్లే మార్చమన్నారు. ఎవరి మాట వినాలి?

సవ్యసాచిని_కాను
కోచ్ మాటే వినండి. ఇది అందరికీ తగిలేదే. విరాటపర్వంలో అర్జునుడంతటివాడు నారి రాపిడికి కాయలు కాచిన చేతుల్ని గాజులతో కప్పుకుంటానన్నాడు. మనమెంత?

మాజీ_రికర్వ్
అర్జునుడివి ఏళ్ల తరబడి కాచిన కాయలు బాబూ. ఎనిమిది నెలల పిల్లకి ఊదారంగు తేలితే అది కాయ కాదు, దెబ్బ.

నాన్నగారూ, ఎక్కడ తగులుతోందన్నదే సగం జవాబు. మణికట్టు దగ్గరైతే నేను ముందు బ్రేస్ హైట్‌ని, అంటే పిడికీ నారికీ మధ్య దూరాన్ని అనుమానిస్తాను. మోచేతి దగ్గరంటున్నారు కాబట్టి మోచేయి తిరగడం లేదనిపిస్తోంది. ఇంట్లోనే చూడొచ్చు. విల్లు పట్టినట్టే చేయి చాచి గోడకి అరచేయి ఆనించమనండి. మోచేతి మడత పైకి, ఆకాశం వైపు చూస్తుంటే ముంజేతి కండ నారి దారిలోకి వస్తోందన్నమాట. భుజం లేవకుండా, అరచేయి కదలకుండా మోచేతిని మాత్రం తిప్పాలి. మడత నిలువుగా నిలబడి, మోచేతి ఎముక బయటివైపు తిరుగుతుంది. మొదట్లో చేయి మొత్తం తిరిగిపోతుంది, విసుగొస్తుంది. నాకు మూడు వారాలు పట్టింది. మోచేయి వెనక్కి వంగే పిల్లలకి ఇంకా కష్టం.

పిడిని గుప్పెట్లో బిగించినా ఇదే గొడవ. పిడి బొటనవేలి కింది కండ మీద ఆనాలి, వేళ్ల కణుపులు 45 డిగ్రీల ఏటవాలుగా ఉండాలి. విల్లు పడిపోకుండా వేళ్లకి తగిలించే తాడు, ఫింగర్ స్లింగ్ ఉంది కదా.

బెజవాడ_కాంపౌండ్
మేడమ్, ప్రతిదానికీ ఫామ్ (విల్లు పట్టి లాగే తీరు) ఫామ్ అంటే ఎలా? ఒకేసారి పది పౌన్లు పెంచారు, అసలు జబ్బు అది. లింబ్ మీద రాసిన 34 అనేది 28 అంగుళాల లాగుడుకి లెక్క. అంగుళం తగ్గితే సుమారు రెండు పౌన్లు తగ్గుతాయి. అమ్మాయి 26 అంగుళాలు లాగుతుందనుకుంటే చేతిలో 30. అది మోయలేక భుజం పైకి లేస్తుంది, గుప్పెట బిగుస్తుంది. ఆ బరువు కింద గోడ పాఠం గుర్తుండదు.

కాంపౌండ్ ఆర్చర్ జ్యోతి సురేఖ గారి పతకాలు చూసి విల్లు పట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని. నా మొదటి కాంపౌండ్ (కొసల్లో కప్పీలుండే విల్లు) డ్రా లెంగ్త్, అంటే లాగుడు పొడవు, ముప్పావు అంగుళం ఎక్కువ పెట్టి ఇచ్చారు. రెండు నెలలు ఫామ్ బాలేదని తిట్లు తిన్నాను. ఆ పొడవుని నిర్ణయించే మాడ్యూల్ మార్చిన రోజు నుంచి ఒక్క దెబ్బ లేదు.

మాజీ_రికర్వ్
బరువు సంగతి ఒప్పుకుంటాను. అయితే ఊహించడమెందుకు? పాత 24 లింబ్స్ వేసి చూడండి. వాటితోనూ తగిలితే ఫామ్, తగలకపోతే బరువు. బ్రేస్ హైట్ కూడా కొలవండి. 66 అంగుళాల విల్లుకి ఎనిమిదిన్నర అంగుళాల అటూఇటూ ఉండాలి. కొత్త డాక్రాన్ దారపు నారి సాగి అది తగ్గుతుంది. ఒక కొస విప్పి మెలికలు పెంచితే నారి పొట్టిదై మళ్లీ సరిపోతుంది.

గుంటూరు_నాన్న
నిన్న చూశాం. బ్రేస్ హైట్ ఎనిమిదిన్నరే. 24తో 36 బాణాలు వేస్తే ఒక్కటీ తగల్లేదు. 34తో 12 వేస్తే నాలుగు తగిలాయి, నాలుగూ చివరి ఆరింటిలోనే. కానీ 24తో 60 మీటర్లకి చేరడం లేదు. సెలక్షన్స్‌కి ఐదు వారాలే ఉంది, టెన్షన్‌గా ఉంది.

సవ్యసాచిని_కాను
ఐదు వారాలేగా. పొడవాటి గార్డ్ వేసి 34తోనే ఆడించండి. పెద్ద పెద్ద ఆర్చర్లే గార్డ్ వేసుకుంటారు, అందులో సిగ్గేముంది?

మాజీ_రికర్వ్
గార్డ్ వేసుకోవాల్సిందే, దాన్ని ఎవరూ కాదనలేదు. నా భయం వేరు. దెబ్బ తగులుతుందని తెలిసిన చేయి నారి వదిలే క్షణంలో పక్కకి జరుగుతుంది. నాకు ఆ అలవాటు పోవడానికి ఏడాది పట్టింది. 28 లింబ్స్ ఎవరినైనా అడగండి. రైజర్ (పిడి ఉన్న మధ్యభాగం) ఐఎల్ఎఫ్ అనే ఉమ్మడి అమరికదైతే వేరే కంపెనీవైనా ఎక్కుతాయి.

బెజవాడ_కాంపౌండ్
నేనైతే ఈ సెలక్షన్సే వదిలేస్తాను.

గుంటూరు_నాన్న
గ్రౌండ్‌లో ఒక సీనియర్ అమ్మాయి 28 ఇచ్చింది. ఈరోజు 48 బాణాలకి ఒక్కసారే తగిలింది, అదీ ఆఖర్లో అలిసిపోయాక. 60కి సైట్ (గురి చూసే పరికరం) అడుగుకి దించితే చేరుతున్నాయి, కాస్త గాలి వీస్తే చాలు పక్కకి పోతున్నాయి. పొడవాటి గార్డ్ కూడా కొన్నాను, కోచ్ గారి దగ్గర మాట పడకుండా. సెలక్షన్స్‌కి వెళ్తానని పిల్ల, వద్దని వాళ్లమ్మ. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.