తప్పు పైకంపెనీది, తిట్లు మనకి: కస్టమర్లకి పేరు చెప్పేయాలా?

గాజువాక నెట్: మాది చిన్న ఇంటర్నెట్ వ్యాపారం, నాలుగొందల కనెక్షన్లు. మొన్న సాయంత్రం ఏడింటికి, కాలవ కోసం తవ్వుతున్న జేసీబీ మాకు లైనిచ్చే పెద్ద కంపెనీ ఫైబర్‌ని తెంపేసింది. గ్రూపులో ‘టెక్నికల్ ప్రాబ్లమ్, త్వరలో వస్తుంది’ అని పెట్టాను, వచ్చేసరికి రాత్రి పదకొండు, ఈలోపు తిట్టనివాడు లేడు. ఈసారి ఆ కంపెనీ పేరు పెట్టేద్దామంటే పార్ట్‌నర్ వద్దంటున్నాడు.

కూర్మన్నపాలెం: పార్ట్‌నరే కరెక్ట్. పెళ్ళిలో వంటవాడు ఎగ్గొడితే బంతిలో కూర్చున్నవాళ్ళకి వాడి పేరు చెప్తామా? డబ్బు కట్టేది నీకు. ఎప్పుడొస్తుందో చెప్పు, చాలు.

సీతమ్మధార సిస్టమ్స్: కారణం మాత్రం చెప్పాలి గురూ. లేకపోతే జనం రౌటర్ రీసెట్ కొట్టి, ఉన్న సెట్టింగులు పోగొట్టుకుంటారు. ‘బయట ఫైబర్ తెగింది, ఇంట్లో ఏమీ ముట్టుకోకండి’ అంటే హాట్‌స్పాట్ పెట్టుకుని వాళ్ళ పని వాళ్ళు చూసుకుంటారు. కంపెనీ పేరంటారా, 2024 జులై 19 గుర్తుందా? ఎయిర్‌పోర్టుల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన రోజు. ముందు అందరూ మైక్రోసాఫ్ట్‌నే తిట్టారు, అంతకుముందే వాళ్ళ క్లౌడ్ సర్వీసు అజూర్ కూడా ఒకచోట పడిపోయి ఉండటంతో ఇంకా గందరగోళం. తీరా చూస్తే లోపం క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన అప్‌డేట్‌ది, దానికి 85 లక్షల విండోస్ మెషిన్లు ఆగిపోయాయి. మొదటి గంటలోనే పేరు పెట్టినవాడు తర్వాత ఏ మొహంతో దిద్దుకుంటాడు?

గాజువాక నెట్: టైము చెప్పమంటే ఎలా? తెగినచోటు వెతకాలి, ఒక్కో పోగూ అతకాలి, వాళ్ళే నాకు చెప్పరు. హుద్‌హుద్ తుఫానుకి కూడా ఇన్ని తిట్లు పడలేదు బాబూ.

కూర్మన్నపాలెం: 2014లో ఊరంతా చీకటే, ఎవర్ని తిడతాం? మొన్న పక్కింటి వైఫై వెలుగుతోంది, మనది ఎర్రలైటు. కడుపు మండదూ?

సీతమ్మధార సిస్టమ్స్: తెలియకపోతే తెలియదనే రాయండి. ‘ఎనిమిదింటికి మళ్ళీ చెప్తా’ అని, కబురున్నా లేకపోయినా ఎనిమిదింటికి పెట్టండి. మీ కొంప ముంచింది ఫైబర్ కాదు, ఆ ‘త్వరలో’. అన్నట్టు, వేరే కంపెనీ నుంచి రెండో లైను ఎందుకు తీసుకోలేదు?

గాజువాక నెట్: నాలుగొందల కనెక్షన్లకి రెండు లైన్లా, అద్దెకే సరిపోతుంది. సరే, కారణం, మళ్ళీ చెప్పే టైము, ఈ రెండూ పెడతాను. పేరు పెట్టను.

కూర్మన్నపాలెం: ఇంతకీ ఆ రోజు డబ్బులు బిల్లులో తగ్గించావా?

గాజువాక నెట్: పార్ట్‌నర్‌ని అడిగి చెప్తా.

కూర్మన్నపాలెం: ఎన్నింటికి?