కప్పలు పగలగొట్టే సినిమా మన ప్రదర్శనలో ఉండాలా, తీసేయాలా?

రాఘవ (నిర్వాహకుడు)
వచ్చే నెల లైబ్రరీ హాల్లో స్పానిష్, పోర్చుగీసు మాట్లాడే దేశాల మహిళా దర్శకుల షార్ట్ ఫిల్ములు వేద్దామని అనుకున్నాం కదా. నాలుగు ఖాయం చేశాను. క్యూబా నుంచి సారా గోమెస్ 1964లో తీసిన 'ఇరే అ సాంతియాగో', బ్రెజిల్ నుంచి హెలేనా సోల్బెర్గ్ 1966 నాటి 'ఎ ఎంత్రెవిస్తా', కొలంబియాలో సినె ముహేర్ బృందం 1981లో తీసిన 'మీ అమ్మ ఏం చేస్తుంది?', పోర్చుగల్ నుంచి లియొనోర్ తెలెస్ తీసిన 'బలాడా ద ఉం బత్రాకియు'. ఈ చివరిది 11 నిమిషాలు. 2016లో బెర్లిన్ చిత్రోత్సవంలో షార్ట్ ఫిల్ముల విభాగంలో మొదటి బహుమతి గోల్డెన్ బేర్ వచ్చింది, అప్పటికి ఆమె వయసు 23.

అభ్యంతరం వచ్చింది కూడా దాని మీదే. చూడనివాళ్ల కోసం చెప్తున్నాను. పోర్చుగల్‌లో కొన్ని కొట్లలో, హోటళ్లలో గుమ్మం దగ్గర పింగాణీ కప్ప బొమ్మ పెడతారు. రోమా జనానికి (జిప్సీలని పిలిచేది వీళ్లనే) కప్ప అపశకునం, అది కనబడితే లోపలికి రారని. తెలెస్ తండ్రి రోమా. ఆమె ఆ కొట్లలోకి వెళ్లి, కెమెరా చూస్తుండగా ఆ కప్పల్ని నేలకేసి కొడుతుంది. ఉంచాలా వద్దా, కారణంతో సహా చెప్పండి.

కృష్ణలంక కిరాణా
వద్దు. అభ్యంతరం చెప్పింది నేనే, పేరు దాచుకోను. కొట్టువాడి వస్తువు పగలగొట్టి దాన్ని సినిమా అంటే నాకు మింగుడుపడదు. అదే జాబితాలో కొలంబియా సినిమా చూడండి. ఆ తల్లి పొద్దున్నే లేచి పిల్లలకి, మొగుడికి టిఫిన్లు పెట్టి, బట్టలు అందించి, వాళ్లు వెళ్లాక ఇల్లంతా ఊడ్చి తుడిచే పనిని వేగంగా పరిగెత్తించి చూపిస్తారు. చివర్న పిల్లలు మాట్లాడుకుంటుంటే మీ అమ్మ ఏం చేస్తుందని ఒకడు అడుగుతాడు. ఏం చెయ్యదు, ఇంట్లోనే ఉంటుందని రెండోవాడి జవాబు. ఒక్క గిన్నె పగలకుండా ప్రతి మగవాడినీ తలదించుకునేలా చేశారు. అది పనితనం.

నిశాచరుడు
లింకు ఉంటే పెట్టండి సార్, చూసి మాట్లాడతాను.

సువార్త
కిరాణా గారూ, కొలంబియా సినిమా నాకూ ఇష్టమే. కానీ ఆ తల్లి ఇంట్లోకి అడుగు పెట్టకుండా ఎవరూ బొమ్మ పెట్టలేదు. ఆమె కష్టం లోపల ఉండటం వల్ల వచ్చింది. తెలెస్ వాళ్ల కష్టం గుమ్మం బయటే మొదలైంది. రెండింటికీ ఒకే పద్ధతి కుదరాలంటే ఎలా?

మట్టిబొమ్మ
ఒక్క విషయం. కాల్దష్ ద రైన్యా అనే ఊరు పింగాణీకి ప్రసిద్ధి. రఫాయెల్ బోర్దాలు పిన్యైరు అక్కడ 1884లో ఫ్యాక్టరీ పెట్టాడు. క్యాబేజీ ఆకుల గిన్నెలు, కప్పలు, చేపలు అక్కడి పనివాళ్ల గొప్పతనం. కాబట్టి కొట్టులో కనబడిన ప్రతి కప్పా అవమానం కోసం పెట్టిందే అనడానికి లేదు. ఇది తేలకుండా సినిమా గురించి మాట్లాడలేం.

లిస్బన్‌లో తెలుగోడు
నేను ఇక్కడే ఉంటాను కాబట్టి చూసింది చెప్తాను. మొదట్లో పనిచేసిన చిన్న సూపర్ మార్కెట్‌లో తలుపు పక్కన, లాటరీ టికెట్ల స్టాండు కింద ఆకుపచ్చ కప్ప ఉండేది. లోపలికి కాదు, వీధి వైపే మొహం. అందం కోసమైతే లోపల షెల్ఫులో పెట్టుకోవచ్చు కదా. ఎందుకని యజమానిని అడిగితే "నేను పెట్టలేదు, మా మామగారి కాలం నుంచి ఉంది" అన్నాడు. తీసేస్తారా అంటే జవాబు లేదు. మట్టిబొమ్మ గారి సందేహానికి నేను చెప్పగలిగింది ఇంతే.

మట్టిబొమ్మ
అది ఒక కొట్టు. నేను అడిగింది మొత్తం సంగతి.

కృష్ణలంక కిరాణా
లిస్బన్ తమ్ముడూ, నువ్వే చెప్పావు, ఆయన పెట్టలేదు, మామగారు పెట్టారు. మరి శిక్ష ఎవరికి? నా కొట్టు ముందు కూడా దిష్టి గుమ్మడికాయ వేలాడుతుంది, శనివారం శనివారం నిమ్మకాయలు, మిరపకాయలు మారుస్తాను. అమ్మ కట్టేది, నేను కడుతున్నాను. రేపు ఎవరో వచ్చి అది తమకు అవమానమని కత్తిపెట్టి కోస్తే ఊరుకోవాలా?

నాకు ఇది ఊరికే వాదన కాదు. ఒక బంద్ రోజున షట్టరు సగం దించి ఉండగానే జనం వచ్చి షోకేసు అద్దం పగలగొట్టారు. అప్పు చేసి కొన్న ఫ్రిజ్ తలుపు ఊడింది. వాళ్ల కోరిక న్యాయమైనదేనని నేనూ ఒప్పుకున్నవాడినే. అయినా అద్దం పెంకులు ఏరింది నా భార్య. ఆ రోజు నుంచి పగలగొట్టడం గొప్ప అని ఎవరన్నా అంటే నా వల్ల కాదు.

సువార్త
మీ ఇంట్లో జరిగింది తప్పే. కానీ గుమ్మడికాయ ఫలానా జనాన్ని రావద్దని చెప్పదు. కప్ప చెప్తుంది. అసలు తేడా అక్కడ ఉంది, మీరు దాన్ని దాటేసి అద్దం దగ్గర ఆగిపోతున్నారు.

ప్రశాంత్ జి
కిరాణా గారితో ఏకీభవిస్తాను. సోల్బెర్గ్ సినిమా చూడండి, ఎంత నెమ్మదిగా ఉంటుందో. రియోలో మంచి కుటుంబాల అమ్మాయిలు పెళ్లి గురించి, శీలం గురించి, ఉద్యోగం గురించి మాట్లాడుతుంటారు, తెర మీద ఒక అమ్మాయి పెళ్లికూతురిగా ముస్తాబవుతుంటుంది. అంతే. ఎవరినీ ఏమీ అనదు.

సువార్త
ఎవరినీ ఏమీ అనదా? చివరిదాకా చూశారా ప్రశాంత్ గారూ? ఆ ముస్తాబు తర్వాత 1964 నాటి వీధులు చూపిస్తుంది. సైన్యం అధికారం లాక్కోవడానికి ముందు కుటుంబం, దేవుడు, స్వేచ్ఛ అంటూ నడిచిన ఊరేగింపులు. అంతసేపూ మనం విన్న మెత్తటి గొంతులను తీసుకెళ్లి దాని పక్కన నిలబెట్టింది. తన సొంత వర్గం ఆడవాళ్లను అంత మాట అన్న సినిమా అది. మీకు నెమ్మదిగా అనిపించిందంటే, అందులో పగిలింది మీ వస్తువు కాదు కాబట్టి.

ప్రశాంత్ జి
వ్యక్తిగతంగా వెళ్లొద్దు మేడమ్.

మట్టిబొమ్మ
ఆమె పగలగొట్టిన కప్పల్లో పాత కాల్దష్ పనివాళ్లవి ఉంటే అది కళకు నష్టం కూడా.

కృష్ణలంక కిరాణా
సువార్త గారూ, మీరు ప్రతిదానికీ మాదే తప్పన్నట్టు మాట్లాడుతున్నారు. పోర్చుగల్ యూరప్ దేశం. కోర్టులున్నాయి, వివక్ష కూడదని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఫిర్యాదు చేయొచ్చు కదా.

సువార్త
చట్టం అన్నారు కాబట్టి చెప్తాను. మన దగ్గర అస్పృశ్యతా నేరాల చట్టం 1955లో వచ్చింది. మా నాన్న ఆ తర్వాత పుట్టినవాడే. మా ఊరి టీకొట్టులో మావాళ్ల గ్లాసు చూరులో దోపి ఉండేది. తీసుకోవాలి, పైనుంచి పోస్తే తాగాలి, కడగాలి, మళ్లీ అక్కడే పెట్టాలి. ఆ కొట్టాయన మంచివాడని మా నాన్న ఇప్పటికీ అంటాడు, అప్పు ఇచ్చేవాడట. ఆ ఏర్పాటు ఆయన కూడా పెట్టలేదు, వాళ్ల నాన్న పెట్టాడు. మా మేనమామ ఒకరోజు ఆ గ్లాసు తీసుకెళ్లి బావిలో పడేశాడు. ఆ కోతలకు మా పేట నుంచి ఒక్కరినీ పనికి పిలవలేదు. గ్లాసు ఖరీదు ఎంతో ఊళ్లో అందరికీ తెలుసు, అందరూ దాని గురించే మాట్లాడారు. చూరులో అది ఎందుకుందో ఎవరూ అడగలేదు.

పోర్చుగల్ రాజు సిగానులు (రోమావాళ్లకు అక్కడి పేరు) రాజ్యంలోకి రాకూడదని శాసనం వేసింది 1526లో. అయిదు వందల ఏళ్ల తర్వాత ఆ మాట ఇంకా బొమ్మ రూపంలో గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. తెలెస్ ఎవరినీ కొట్టలేదు, గల్లా పెట్టె ముట్టలేదు. తమను పొమ్మని చెప్పే వస్తువును మాత్రమే తీసింది. మీరు ఆ వస్తువు ఖరీదు కడుతున్నారు.

లిస్బన్‌లో తెలుగోడు
అక్కా, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

కృష్ణలంక కిరాణా
మీ నాన్నగారికి జరిగినదానికి నేను ఎదురు చెప్పను. ఎవరూ చెప్పకూడదు. కానీ నాలో మెదులుతున్నది ఇప్పుడు సూటిగా చెప్తాను, ఇంతసేపూ అద్దం, ఖరీదు అంటూ చుట్టూ తిరిగాను. నా బాధ కప్ప పగిలినందుకు కాదు. ఆ సినిమాలో కొట్టువాడిని ఒక్క మాట అడగరు. వాడు వస్తువుకు కాపలావాడిలా ఉంటాడు తప్ప మనిషిలా ఉండడు. లిస్బన్ తమ్ముడు యజమానిని అడిగాడు, ఆయన తడబడ్డాడు. ఆ తడబాటు చూపిస్తే చూసేవాడిలో ఒక్కడన్నా ఇంటికెళ్లి కప్ప తీసేస్తాడు. పగలగొడితే ఇంకో కప్ప కొంటాడు. వర్తకం చేసేవాడిగా చెప్తున్నా.

సువార్త
ఇది అసలు మాట. దీనికి నా జవాబు వేరు. ఆ సినిమా కొట్టువాడిని మార్చడానికి తీయలేదు. గుమ్మం దగ్గర ఆగిపోయిన పిల్ల చూడటానికి తీసింది. ఎవరు ఏం తడబడతారో మావాళ్లకు కొత్తగా చూపించక్కర్లేదు, తరతరాలుగా చూశాం. అది కింద పడి ముక్కలవడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

పైగా తెలెస్ ప్రశ్నలు అడగని మనిషి కాదు. దీనికి ముందు తీసిన 'రోమా అకాన్స్'లో తన కుటుంబాన్నే అడిగింది. తండ్రి సంప్రదాయం దాటకపోతే తన బతుకు ఎలా ఉండేదని, రోమా ఆడపిల్లకు ఏం మిగులుతుందని. ఇంట్లోవాళ్లను అంత గట్టిగా అడిగినవాళ్లకు బయటివాళ్ల బొమ్మ పగలగొట్టే అర్హత లేదా?

కృష్ణలంక కిరాణా
అర్హత మాట నేను అనలేదు. ఫలితం మాట అన్నాను. సినిమా ఎవరి కోసం అన్నదాంట్లో మీకూ నాకూ కుదరదు. తలుపు వేసి ఉంచినవాడి కోసం కూడా సినిమా తీయాలని నేనంటాను.

సువార్త
వాడి కోసం తీసినవి చాలా ఉన్నాయి.

నిశాచరుడు
ఇప్పుడే చూశాను. రెండోసారి చూస్తున్నాను. ఉంచండి.

మట్టిబొమ్మ
వేసేటప్పుడు కాల్దష్ సంగతి పరిచయంలో ఒక వాక్యం చెప్తే నాకు అభ్యంతరం లేదు.

రాఘవ (నిర్వాహకుడు)
ఓటింగ్ పెట్టాను, ఆదివారం రాత్రి వరకు. సారా గోమెస్ గురించి ఒక్కరూ మాట్లాడలేదు, నాకది వెలితిగా ఉంది. క్యూబాలో ఫీచర్ ఫిల్మ్ తీసిన మొదటి మహిళ, 31 ఏళ్లకే పోయింది, షార్ట్ డాక్యుమెంటరీలే ఎక్కువ మిగిల్చింది. ఆమెకు విడిగా చర్చ తెరుస్తాను. 'రోమా అకాన్స్' సబ్‌టైటిళ్లతో దొరికితే 'బలాడా' కంటే ముందు వేస్తాను, అప్పుడు నిడివి సర్దడానికి విరామం తీసేయాలి.

కృష్ణలంక కిరాణా
నా ఓటు వద్దనే వేశాను. వేస్తే మాత్రం వస్తాను. తర్వాత మైకు ఇవ్వండి, ఆ కొట్టాయన ఏమని ఉండేవాడో నేను చెప్తాను.

సువార్త
చెప్పండి. మా నాన్నను తీసుకొస్తున్నాను, ముందు వరసలో కూర్చుంటాడు. ఆయనకు వినబడేలా చెప్పండి.